మిల్లు సెవి

గదిలోకి తెలుగు రాకూడదన్నారు.
సెప్పులతో పాటు బయటే వొదిలీమన్నారు.
గోడ మీద ఎర్ర కాగితం దీపాలు, ఒక పాండా బొమ్మ,
కింద రెండున్నరేళ్ల నుంచి అయిదేళ్ల దాకా
పదకొండుమంది గుంటలు.
నాను ఆయాని. పేరు ఎర్నమ్మ.
ముక్కులు తుడవడానికి భాష అక్కర్లేదు కదా,
సరే అన్నాను.

తోటపాలెంలో మేడ మీద ఇస్కూలు.
భోగాపురంలో ఇమానాలు దిగితే
సైనా యాపారమంతా మన గుమ్మంలోకే వొస్తాదని
రొయ్యల కంపెనీ తవిటినాయుడు గారి కోడలు
అందరికన్నా ముందు ఫీజు కట్టీసింది.
ఆ డబ్బు నా జీతానికి ఎన్ని నెల్లో
వేళ్ల మీద లెక్కెట్టబోయి మానీసినాను.

పాఠం సెప్పే పిల్ల ప్రత్యూష.
డాక్టరీ సదవడానికని ఆ దేశం ఎల్లి
జొరాలొచ్చిన ఏడు మధ్యలో తిరిగొచ్చీసింది.
మందుల పేర్లన్నీ మర్చిపోనాదట గానీ
అక్కడ కూరలమ్మే ముసిల్ది నేర్పిన మాటలు
ఒక్కటీ పోలేదంట.
గుంటలు ఆ పిల్లని 'లావ్‌షి' అంటారు.
లావేటి, గాలొస్తే కిటికీ పట్టుకునే పిల్ల!
పంతులమ్మని అర్థమంట. తరవాత తెలిసింది.

మొదటి వారమంతా 'మా'.
మాకైతే మా అంటే మాది. మా మిల్లు, అనీవోళ్లం.
ఆళ్లకి అలాగ్గాదు.
గీత గీసినట్టు తిన్నగా అంటే అమ్మ.
గోతిలోకి దిగి ఎక్కితే గుర్రం.
ఠక్కున కిందకి పారేస్తే తిట్టు.
పైకి లేపి ఇడిసిపెడితే...
ఆ పిల్ల సంచిలోంచి ఇంత పీచు తీసి సూపించింది.
నార.

నా సేతిలో తుడుపుగుడ్డ ఆగిపోనాది.

నెల్లిమర్లలో పంతొమ్మిదేళ్లు
నారే పీల్సినాను, నారే దగ్గినాను,
నార దూగరలోనే నా కూతురికి పాలిచ్చినాను.
గేటుకి తాళమేసిన ఆర్నెల్లకి కూడా
తల దువ్వుకుంటే నారే రాలింది.
అమ్మకీ నారకీ మధ్య
గొంతు లేపడమే తేడా అని
ఎవుడు సెప్పినాడు నాకు?

మగ్గాల మోతలో మాట ఇనపడదు.
పెదాలు సూసి, తల ఊపు సూసి,
కూత ఎక్కడ ఎక్కిందో ఎక్కడ దిగిందో పట్టుకుని
బతికిన సెవులివి.
పై ఊర్లోళ్లు మా మాటకి నవ్వుతారు,
సాగదీస్తారు, పాట పాడతారేటి అని.
బెజవాడలో ఉజ్జోగం కోసం నా తమ్ముడు
యాస కడిగీసుకున్నాడు, సబ్బెట్టి.

ఓ మద్దేనం పడకలేసినాక
లక్షిత్ గాడు ఏడుపు. 'షుయ్, షుయ్' అని.
ఫోనులో మాటాడతన్న లావ్‌షి
నిద్దరొస్తందనుకుని దుప్పటి కప్పింది.
ఆడు తన్నీసినాడు. మళ్లీ కప్పింది.
నిద్దర కాదు. నిద్దరైతే మాట కింద పడాల.
ఇది దిగింది, అడుగు తాకింది, పైకొచ్చింది,
నూతిలో సేద లాగ.
నాను నోరిప్పలేదు. గ్లాసుతో నీళ్లు పట్టుకెల్లినాను.
గటగటా తాగీసి గుంటడు
నా ఒళ్లోనే వాలిపోనాడు.
ఫోను సెవి దగ్గరే ఉండిపోయి
లావ్‌షి నన్ను సూసిన సూపు,
పంతొమ్మిదేళ్లలో ఏ మేస్త్రీ సూడలేదు.

ఆ సాయంత్రమే, గేటు కాడ,
నాయుడు గారి కోడలు కారు దిగింది ఆలస్యంగా.
కొడుకు సైనా మాట ఈడియో తీద్దామని
ఫోను ఎత్తి పట్టింది.
"చెప్పు నాన్నా, ఇవాళ ఏం నేర్చుకున్నావ్?"
ఆడు సంచీ బుజానికి సర్దుకున్నాడు.
ఆలోసించినాడు.
నా గొంతుతో, అచ్చం నా సాగదీతతో,
"ఏటమ్మా, ఇంత లేటు సేసీసినావు?"

నాను వొంగి సెప్పులు ఎతుక్కుంటన్నాను.
ఆ గదిలో ఒక్క ముక్క తెలుగు మాటాడలేదు,
పైడితల్లమ్మ మీద ఒట్టు.

నిద్దరపుచ్చినప్పుడు తప్ప.